బీరువా కాలదు, లోపలి కాగితం కాలుతుంది

ఇంటి భద్రత: పాఠకుల ప్రశ్నలకు అగ్నిప్రమాద నష్టాలను అంచనా వేసే సర్వేయరుగా పనిచేసి విరమించిన మా శీర్షికా రచయిత సమాధానాలు

ప్రశ్న: మా వీధిలో ఈమధ్య షార్ట్ సర్క్యూట్‌తో ఒక ఇల్లు కాలిపోయింది. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. మా ఇంటి దస్తావేజులు, బంగారం, బీమా బాండ్లు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ ఒకే బీరువాలో ఉన్నాయి. మావారు ఫైర్‌ప్రూఫ్ సేఫ్ కొందామంటున్నారు. అరవై నిమిషాలు ఏమీ కాదని దుకాణదారు హామీ ఇస్తున్నాడు. కొనమంటారా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: కొనవచ్చమ్మా. ముందు బీరువా సంగతి తేల్చుకుందాం. మన ఇళ్లలో బీరువాకు ఉన్న మర్యాద ఇంటి పెద్దకు కూడా ఉండదు. తాళం పడితే చాలు, లోపల ఉన్నది క్షేమమని అందరి ధీమా. ఆ తాళం దొంగను కాసేపు ఆపుతుందేమో గానీ వేడిని ఆపదు. పలుచని ఇనుప రేకు బయటి వేడిని నేరుగా లోపలికి పంపిస్తుంది. కాగితం 230 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో మాడి అంటుకుంటుంది. మంట గది మొత్తాన్ని పట్టుకునే వేళకు పైకప్పు దగ్గర వేడి 600 డిగ్రీలకు చేరుతుంది. ఇక ఆ రేకు చేయగలిగింది ఏముంది?

సర్వేకు వెళ్లిన ఇళ్లలో నేను చూసింది చెబుతాను. బీరువా నిలబడే ఉంటుంది. రంగు పొంగి పొలుసులు లేచి ఉంటుంది. హ్యాండిల్ తిరగదు, గునపంతో తలుపు పెకలించాలి. లోపల పట్టుచీరల మడతలు నల్లబడి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. భద్రంగా ఉంటుందని దస్తావేజులు పెట్టిన ప్లాస్టిక్ ఫోల్డరు కరిగి, కాగితాన్ని తనలో కలిపేసుకుని గట్టి బిళ్లలా మారి ఉంటుంది. లామినేషన్ చేయించిన మార్కుల జాబితాలదీ అదే గతి. దాని పక్కనే గుడ్డ సంచిలో తాడుతో బిగించి కట్టిన పాత కాగితాల కట్ట ఉంటే, చాలాసార్లు అదే కాస్త మిగిలేది. అంచులు మాడినా మధ్యలో రాత చదవడానికి వస్తుంది. ఒత్తుగా ఉన్న కాగితాల మధ్యకు గాలి చొరబడదు కాబట్టి.

ఇక సేఫ్ విషయం. దుకాణదారు చెప్పే అరవై నిమిషాలు సగం మాట మాత్రమే. ఆ గంటసేపూ లోపలి వేడి ఎంత మించకుండా ఉంటుందో అడగండి. అమెరికాలోని యూఎల్ అనే పరీక్షా సంస్థ ప్రమాణం ప్రకారం ‘క్లాస్ 350’ అని ఉంటే లోపల 350 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 177 సెల్సియస్ దాటదని అర్థం. కాగితానికి అది చాలు. ఏ పరీక్షా సంస్థ ముద్రా లేకుండా తలుపు మీద మంట బొమ్మ మాత్రమే ఉన్న పెట్టెను తాళమున్న ఇనుప డబ్బాగానే లెక్కగట్టండి. ఇంకో విషయం: మంటను ఆపే పెట్టె దొంగను ఆపాలని లేదు. చిన్న సేఫ్ అయితే దొంగ తాళంతో కుస్తీ పట్టడు, పెట్టెనే ఎత్తుకుపోతాడు. నేలకో గోడకో బోల్టులతో బిగించండి. బిగించడానికి వేసే రంధ్రాలు తయారీదారు చూపిన చోటే ఉండాలి. ఇష్టం వచ్చిన చోట తొలిస్తే వేడిని అడ్డుకునే పొర దెబ్బతింటుంది.

ప్రమాదమే జరిగితే, మంట ఆరగానే సేఫ్ గానీ బీరువా గానీ తెరవకండి. లోపలి కాగితం బాగా వేడెక్కి ఉండి, గాలి అందక మాత్రమే ఆగి ఉంటుంది. తలుపు తీసిన క్షణాన గాలి తగిలి కళ్లముందే భగ్గుమనవచ్చు. చేత్తో తాకితే పూర్తిగా చల్లగా అనిపించేదాకా, అవసరమైతే మర్నాటిదాకా ఆగండి. బంధువులు ‘తెరవండి, చూద్దాం’ అని తొందరపెడతారు. వినకండి.

అసలు పని సేఫ్ కొనకముందే ఉంది. బీరువాలోవన్నీ మంచం మీద పరిచి రెండు కుప్పలు చేయండి. మళ్లీ తెచ్చుకోగలిగినవి ఒకటి, ఏ కార్యాలయమూ ఇవ్వలేనివి ఇంకొకటి. రిజిస్టరైన అమ్మకం దస్తావేజు మొదటి కుప్పలోది. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దాని నకలు ఉంటుంది, రుసుము కట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. 1998లో కంప్యూటర్ ‘కార్డ్’ విధానం రాకముందు దస్తావేజును పెద్ద పుస్తకాల్లోకి ఎత్తి రాసేవారు. పాతది వెతకాలంటే దస్తావేజు నంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు కావాలి. ఆ మూడూ ఒక చీటీ మీద రాసి వేరే ఊళ్లో ఉన్న మీ వాళ్లకు ఇవ్వండి. ఆఫీసులు కాలవా అంటే, కాలతాయి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి రెవెన్యూ దస్త్రాలు బుగ్గయ్యాయి. అందుకే సర్టిఫైడ్ కాపీ అవసరం పడ్డాక కాదు, ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. బీమా బాండుకు నకలు వస్తుంది, సర్టిఫికెట్లకూ వస్తుంది. తిరగడం, అఫిడవిట్లు, పోలీసు ఫిర్యాదు తప్పవు గానీ చివరికి చేతికి వస్తాయి.

రెండో కుప్ప చూడండి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా (రిజిస్టరు కాని భూమి అమ్మకం కాగితం), అన్నదమ్ములు సంతకాలు చేసిన రిజిస్టరు కాని భాగపరిష్కార పత్రం, ఎవరికో అప్పిచ్చిన ప్రోనోటు, రిజిస్టరు చేయించని వీలునామా, మీ అమ్మగారి పెళ్లి ఫొటో, నాన్నగారి చేతిరాత. వీటికి నకలిచ్చే ఆఫీసు ఈ భూమ్మీద లేదు. సేఫ్‌లో చోటు వీటికి ఇవ్వండి. వీలునామా అయితే జిల్లా రిజిస్ట్రారు దగ్గర సీలు వేసిన కవరులో దాచుకునే ఏర్పాటు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. ఆ సంగతి చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్లు ఆశ్చర్యపోతారు.

బంగారం గురించి మీరు పడుతున్న బెంగ మంట విషయంలో కొంత ఎక్కువే. మేలిమి బంగారం కరగాలంటే 1064 డిగ్రీలు కావాలి, 22 క్యారెట్లకు అంతకన్నా కొంత తక్కువ. చాలా ఇళ్లలో మసి పట్టి, అతుకులు విడిపోయి, మొత్తం మీద బూడిదలోనే దొరికింది. పోయేవి ముత్యాలూ పగడాలూ. లోపల లక్క నింపిన నగల్లో లక్క కరిగి కారిపోతుంది, రాళ్లు ఊడిపోతాయి. బంగారానికి అసలు శత్రువు దొంగ. ప్రతి నగనూ తెల్లగుడ్డ మీద పెట్టి ఫొటో తీయండి. హాల్‌మార్కుతో పాటు ఉండే ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఆ నగకే ప్రత్యేకమైన గుర్తింపు సంఖ్య) స్పష్టంగా పడేలా దగ్గరగా ఇంకొకటి తీయండి. బిల్లు కూడా. పోలీసు స్టేషనులోనూ బీమా కార్యాలయంలోనూ ‘మా అత్తగారు పెట్టిన హారమండీ’ అనే వర్ణన కన్నా ఆ ఫొటో బాగా మాట్లాడుతుంది.

ప్రశ్న: మా తాతగారి ఒగ్గుకథ క్యాసెట్లు, నా పెళ్లి వీడియో, పదిహేనేళ్ల ఫొటోలు ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించాను. దాన్ని కూడా ఫైర్‌ప్రూఫ్ పెట్టెలో పెడితే సరిపోతుందా?
– ఒక ప్రైవేటు ఉద్యోగి, కరీంనగర్

జవాబు: సరిపోదు నాయనా. పై జవాబులో చెప్పిన 177 డిగ్రీలు కాగితం లెక్క. హార్డ్ డిస్కూ, క్యాసెట్టూ, పెన్‌డ్రైవూ అంత వేడిలో బతకవు. అటువంటి వాటి కోసం ‘క్లాస్ 125’ అనే వేరే తరగతి పెట్టెలున్నాయి. లోపల 52 డిగ్రీలూ 80 శాతం తేమా దాటకూడదు. తేమ ఎందుకంటారా? చాలా సేఫుల గోడల్లోని పూత వేడెక్కినప్పుడు తనలోని నీటిని ఆవిరిగా వదిలి లోపలిని చల్లబరుస్తుంది. కాగితం ఆ చెమ్మను తట్టుకుంటుంది, డిస్కు తట్టుకోదు. ఆ తరగతి పెట్టెలు బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. ఆ డబ్బులో కొంతతోనే ఇంకో రెండు డిస్కులు కొనవచ్చు. నా ఓటు డిస్కులకే.

ఈ రంగంలో అందరూ చెప్పే లెక్క మూడు–రెండు–ఒకటి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. మీ విషయంలో కంప్యూటర్‌లో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, మీ చెల్లెలి ఇంట్లోనో క్లౌడ్‌లోనో (ఇంటర్నెట్ ద్వారా ఏదైనా కంపెనీ దగ్గర దాచుకునే చోటు) ఒకటి. ఆ ‘దూరంగా’ అన్నదానిలోనే కిటుకంతా ఉంది. పక్క గదిలో ఉన్న రెండో డిస్కు మొదటిదానితో పాటే కాలుతుంది, దొంగ వస్తే దానితో పాటే పోతుంది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రంలో లిథియం బ్యాటరీల నుంచి మంటలు రేగాయి. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే ‘జీ-డ్రైవ్’లోని 858 టెరాబైట్ల (ఒక టెరాబైట్ అంటే సుమారు వెయ్యి జీబీ) సమాచారం పోయింది. పరిమాణం మరీ పెద్దదని దానికి వేరేచోట ప్రతి ఉంచలేదు. అంత సాంకేతికత ఉన్న దేశానికే అలా జరిగింది. మీ డేటా ఒకటో రెండో టెరాబైట్లు ఉంటుంది కాబట్టి, ఆ సాకు మీకు చెల్లదు.

ఫోనులోని ఫొటోలు ‘గూగుల్‌లో ఉన్నాయిలే’ అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. ఫోనులో చెరిపేస్తే అక్కడా చెరిగిపోయే అమరికను నకలు అనరు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండితే కొత్తవి ఎక్కవు. పైగా ఆ సంగతి మీరు గమనించేసరికి నెలలు గడిచిపోవచ్చు.

దాచి మరచిపోవడం కూడా పోగొట్టుకోవడం కిందే లెక్క. ఏడాదికోసారి, దసరాకు ఆయుధ పూజ చేసేటప్పుడు డిస్కులనూ బయటికి తీయండి. బొట్టు పెట్టడం మీ ఇష్టం, కానీ తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. పెన్‌డ్రైవును, చాలాకాలం కరెంటు తగలకుండా పడి ఉండే ఎస్‌ఎస్‌డీని (చిప్పుల్లో సమాచారం దాచే డిస్కు) శాశ్వత నిల్వకు నమ్మకండి. తాతగారి క్యాసెట్లను మాత్రం ఎక్కించడం అయిపోయిందని పారేయవద్దు. అసలు అసలే.

ప్రశ్న: 2024 బుడమేరు వరదలో మా ఇంట్లోకి నీళ్లు వచ్చాయి. ఆల్బమ్‌లు తడిసి ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇప్పటికీ విడదీయలేదు. ఏమైనా చేయవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఎండిపోయినవాటిని గోటితో లాగితే బొమ్మ ఊడి వస్తుంది. లాగకపోవడం మంచి పని చేశారు. స్టూడియోలో కడిగించిన రంగు ఫొటోలైతే, అంతగా విలువలేని ఒక జతను ఎంచుకుని చల్లటి శుభ్రమైన నీళ్లలో నానబెట్టి చూడండి. వాటంతటవే జారి విడిపోతే మిగిలినవాటినీ అలాగే చేయవచ్చు. బొమ్మవైపు తాకకుండా, ముఖం పైకి ఉంచి నీడలో ఆరబెట్టండి. ఇంక్‌జెట్ ప్రింట్లను మాత్రం నానబెట్టకండి, రంగు కరిగిపోతుంది. మరీ అపురూపమైనవి ఉంటే మొదట పైన కనిపించే ఫొటోను స్కాన్ చేయించి, ఆ తర్వాతే చెయ్యి వేయండి.

మళ్లీ వరద రాకూడదని కోరుకుందాం. వస్తే, తడిసిన కాగితాలు రెండు రోజుల్లో బూజు పడతాయని గుర్తుంచుకోండి. ఆరబెట్టే తీరిక లేకపోతే పలుచని కట్టలుగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. బూజు అక్కడితో ఆగుతుంది, వీలైనప్పుడు ఒక్కొక్క కట్ట తీసి ఆరబెట్టుకోవచ్చు. ఇంట్లో కరెంటు లేకపోతే తెలిసినవాళ్ల ఫ్రిజ్. తడిసిన హార్డ్ డిస్కును మాత్రం ఎంత ఆత్రంగా ఉన్నా తగిలించి చూడకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. తడి ఆరకుండా సంచిలో మూసి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.

ప్రశ్న: బ్యాంకు లాకరులో పెడితే ఇక చింత లేదు కదా? కాలిపోతే బ్యాంకే ఇస్తుందట.
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ఇస్తుంది, లాకరు ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు. 2022 జనవరి నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన అది. అగ్నిప్రమాదం, దొంగతనం, భవనం కూలడం, సిబ్బంది మోసం వంటివాటికి వర్తిస్తుంది. వరదా భూకంపం వంటి ప్రకృతి వైపరీత్యాలకు వర్తించదు. అద్దె మూడువేలయితే గరిష్ఠంగా మూడు లక్షలు. ఇప్పటి ధరకు అది ఎన్ని కాసులో మీరే లెక్క వేసుకోండి. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, వాళ్లు బీమా చేయరు. ఆ బీమా మీరే విడిగా తీసుకోవాలి. ఇంటికి ‘భారత్ గృహ రక్ష’ పాలసీ తీసుకునేవాళ్లు కూడా గమనించండి: సామాన్లకు కొంత రక్షణ దానంతటదే వస్తుంది గానీ నగలకు రాదు. విలువ ముందే ఒప్పుకుని అదనంగా రాయించుకోవాలి.

ప్రశ్న: పూజగదిలో దీపం పడి హుండీ డబ్బాలోని నోట్లు మాడిపోయాయి. మారుతాయా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మిగిలిన ముక్కను బట్టి. యాభై రూపాయలు, అంతకు పైబడిన నోటులో ఒకే ముక్కగా 80 శాతానికి మించి మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం వరకు అయితే సగం, అంతకు తగ్గితే ఏమీ రాదు. చిరిగిన నోట్లను ఏ బ్యాంకు శాఖలోనైనా మారుస్తారు. పట్టుకుంటే పొడి అయ్యేంత మాడినవాటిని రిజర్వు బ్యాంకులో నోట్ల వ్యవహారం చూసే ఇష్యూ కార్యాలయమే చూస్తుంది. కట్టను విడదీయకుండా, ఉన్న డబ్బాతోనే దూది మధ్య సర్ది తీసుకెళ్లండి. నోట్లు నలిగి ముక్కలయ్యేది ఎక్కువగా ఆ ప్రయాణంలోనే.

ప్రశ్న: మా అమ్మానాన్నలు గుంటూరులో ఒంటరిగా ఉంటారు. పాస్‌వర్డులన్నీ నాన్న డైరీలోనే ఉన్నాయి. డైరీకి ఏమన్నా అయితే?
– ఒక పాఠకుడు, డాలస్, అమెరికా

జవాబు: డైరీని తప్పు పట్టకండి, దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేరు. ఒక్కటే ప్రతి ఉండటమే ఇబ్బంది. ఈసారి వచ్చినప్పుడు నాన్నగారి పక్కన కూర్చుని మెయిలు, ఫోను లాకు, బ్యాంకు, డీమ్యాట్ ఏవి ఎక్కడున్నాయో రాయించుకుని, ఆ కాగితం కవరులో పెట్టి మీ దగ్గరో నమ్మకమైన బంధువు దగ్గరో ఉంచండి. బ్యాంకు పిన్ నంబర్లు అందులో వద్దు, నామినీ పేరు నమోదైందో లేదో చూడటం ముఖ్యం. గూగుల్ ఖాతాను రెండేళ్లు వాడకపోతే కంపెనీ తొలగించవచ్చు. అందులోనే ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ అనే అమరికలో మీ పేరు ఇప్పిస్తే, ఆయన ఖాతా వాడటం ఆగిపోయినప్పుడు ఫొటోలు మీకు అందుతాయి. డిజిలాకర్‌లో ప్రభుత్వం జారీ చేసిన పత్రాలకు అసలుతో సమాన విలువ ఉంది. నాన్నగారు స్కాన్ చేసి ఎక్కించుకున్నవాటికి ఆ విలువ లేదు, ఆ తేడా ఆయనకు చెప్పండి. ఆధార్‌కు జోడించిన సిమ్ కార్డు మాత్రం రీఛార్జి లేక ఆగిపోకుండా చూసుకోండి. అది పోతే ఓటీపీ రాదు, డిజిలాకరూ తెరుచుకోదు.