తొలిసారి స్కీలు కట్టుకునేవారికి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. మొదటిసారి స్కీయింగ్ నేర్చుకోబోతున్నాను. పేరున్న పెద్ద రిసార్ట్‌కి వెళ్లాలా, వాలు పైకి చేర్చే లిఫ్టులు రెండు మూడే ఉన్న చిన్నదానికా? అద్దె బూట్లలో ఏం చూసుకోవాలి?

జవాబు: చిన్నదానికే వెళ్లండి. మొదటి రెండు మూడు రోజులు మీరు ఒకే చిన్న వాలు మీద ఎక్కుతూ దిగుతూ ఉంటారు. పెద్దచోట టికెట్ డబ్బంతా మీరు ఎక్కలేని లిఫ్టులకే పోతుంది. ఒక్కటి మాత్రం కనుక్కోండి. నేర్చుకునేవాళ్ల వాలు కింద చదునైపోవాలి, బ్రేకు వేయకపోయినా స్కీలు వాటంతటవే ఆగాలి.

బూట్ల దగ్గర తొందరపడకండి. సైజు పాదం పొడవునుబట్టి సెంటీమీటర్లలో ఉంటుంది: 26.5 సెంటీమీటర్ల పాదానికి 26.5 బూటు. బిగుతుగా ఉందని చాలామంది పెద్దది అడుగుతారు. అప్పుడు మడమ లోపల లేస్తుంది, కాలు తిప్పినా స్కీ తిరగదు, వేళ్లు ముందుకు కొట్టుకుని గోళ్లు నల్లబడతాయి. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుభాగానికి తగలాలి, మోకాళ్లు ముందుకు వంచితే కాస్త వెనక్కి జరగాలి. పలచని పొడవు సాక్సు ఒక్క జతే వేసుకోండి. లోపలి ప్యాంటు అంచు బూటులోకి పోనివ్వకండి, కాలు ఒరుసుకుపోయేది అక్కడే.

స్కీలు నిలబెడితే మీ గడ్డానికీ ముక్కుకూ మధ్యకు రావాలి. బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) బిగించేవారు బరువు, ఎత్తు, వయసు అడుగుతారు. నిజమే చెప్పండి. బరువు ఎక్కువ చెబితే, పడి కాలు మెలిపడినప్పుడు స్కీ ఊడకపోవచ్చు. ఆ మెలి మోకాలికే వస్తుంది.

ప్రశ్న: రెండు రోజులు క్లాసుకు వెళ్లాను. స్నోప్లౌ (స్కీల మొనలు దగ్గరగా, మడమలు దూరంగా ఉంచి వేగం తగ్గించడం) పెట్టినా ఆగలేకపోతున్నాను. తొడలు మండిపోతున్నాయి, ఎందుకు?

జవాబు: ఆ మంటే కారణం చెబుతోంది. మీరు వెనక్కి వాలుతున్నారు, కనిపించని కుర్చీలో కూర్చున్నట్టుగా. వాలు చూసి భయపడ్డ ఒళ్లు చేసే పనే అది. కానీ బరువు వెనక్కి పోగానే స్కీల ముందుభాగం తేలికై మంచును పట్టుకోదు, వేగం పెరుగుతుంది, భయం ఇంకా పెరుగుతుంది.

మోకాలి కింది ఎముక బూటు నాలుకను ఎప్పుడూ నొక్కుతూ ఉండాలి. చేతులు రెండూ మీ కంటికి కనబడేంత ముందుకు ఉంచండి. క్లాసులో నేర్పేవాళ్లు చెప్పేవాటిలో మేం అన్నిటికంటే ముఖ్యం అనేది ఇదే. చదునుచోట నిలబడి చిన్నగా గెంతి చూడండి. గెంతలేకపోతే బరువు వెనకే ఉందన్నమాట.

ఇప్పుడు స్నోప్లౌ. మొనల మధ్య గుప్పెడు ఎడం ఉంచి, మడమలను బయటికి నెట్టండి. మొనలు ఒకదానిమీద ఒకటి ఎక్కితే పడిపోతారు. ఎడమకు తిరగాలంటే కుడికాలి మీద బరువు వేసి కాస్త ఓపిక పట్టండి, భుజాలు తిప్పకండి. స్కీలు తిరగడానికి ఒకటి రెండు క్షణాలు పడుతుంది, ఆ వ్యవధిలోనే చాలామంది కంగారుపడి బరువు తీసేస్తారు. వేగం చేయిదాటితే వాలుకు అడ్డంగా, ఆపైన కాస్త ఎగువకు తిరగండి. నిటారు వాలు మీద స్నోప్లౌ కంటే నమ్మకమైన బ్రేకు మలుపే.

ప్రశ్న: పడితే లేవలేను. బటన్ లిఫ్ట్ (కర్ర చివర గుండ్రటి బిళ్లతో వాలు పైకి లాగే లిఫ్ట్) మీదా పడిపోతున్నాను.

జవాబు: లేచేముందు స్కీలు రెండూ మీకు దిగువన, వాలుకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. ఏమాత్రం కిందికి చూస్తున్నా లేస్తుండగానే జారతాయి. మోకాళ్లు ముడిచి, తుంటి పక్కన చేతితో నెట్టి లేవండి. కుదరకపోతే ఎగువ స్కీ విప్పేయండి, సిగ్గేమీ లేదు. పడేటప్పుడు వెనక్కి కాక పక్కకు, ఎగువవైపు ఒరగండి. చేతికర్రల పట్టీలు మణికట్టుకు తగిలించుకోకండి, పడినప్పుడు బొటనవేలి కీలు దెబ్బతింటుంది.

బటన్ లిఫ్ట్ కూర్చోవడానికి కాదు, లాగడానికి. దాని మీద కూర్చుంటే నేల మీద పడతారు. కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడే ఉండండి, స్కీలను గాడిలో నేరుగా పోనివ్వండి. పడితే వెంటనే వదిలేసి దారిలోంచి పక్కకు దొర్లండి, వెనక మరొకరు వస్తుంటారు.