నాన్నగారి డైరీలో రాసిన మాట లివింగ్ విల్ అవుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. గెజిటెడ్ హెడ్మాస్టర్‌గా రిటైరయ్యారు. మెదడులో రక్తస్రావమై 38 రోజులుగా ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉన్నారు. స్పృహ లేదు. దాదాపు బ్రెయిన్ డెడ్ లాంటిదేనని డాక్టర్లు అంటున్నారు. 'గొట్టాలు పెట్టి నన్ను బతికించొద్దు' అని 2021లో ఆయన డైరీలో రాసుకున్నారు. అమ్మ, నేను అందుకు సిద్ధమే. డాలస్‌లో ఉన్న అన్నయ్య ఒప్పుకోవడం లేదు. తెలిసినాయన ఒకరు, నాన్నగారి వేలిముద్ర వేయిస్తే పాత తేదీతో లివింగ్ విల్ నోటరీ చేయిస్తానంటున్నాడు. ఆస్పత్రివాళ్లేమో సొంత పూచీ మీద ఇంటికి తీసుకెళ్లమంటున్నారు. కారుణ్య మరణానికి సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా, ఒక్క ఇంజెక్షన్‌తో ఆయన బాధ తీర్చే వీలు లేదా?
– ఒక కూతురు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. కేసును తేల్చే సంగతి మూడో పేజీ అడుగున ఒక్క లైనులో ఉంది: ఆ డైరీ పేజీ మీద సాక్షి సంతకం లేదు.

లివింగ్ విల్ అంటే, కోలుకోలేని స్థితి వస్తే చికిత్సతో బతికించొద్దని ముందే రాసిపెట్టే కాగితం. అది చెల్లాలంటే రాసిన మనిషి మంచి స్పృహలో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేయాలి. తన తరఫున నిర్ణయం చెప్పాల్సినవాళ్ల పేర్లు అందులో రాయాలి. 2018 మార్చి 9న ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ప్రకారం దాని మీద మెజిస్ట్రేట్ సంతకం కూడా కావాల్సి వచ్చేది. అది ఎవరికీ అందేది కాదు. 2023 జనవరి 24న సుప్రీంకోర్టు దాన్ని సడలించి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలని చెప్పింది.

ఇక్కడ మిమ్మల్ని మందలించక తప్పదు. మీ నాన్నగారు గెజిటెడ్ హెడ్మాస్టరు. ఎంతమంది పిల్లల సర్టిఫికెట్ల మీద ఆకుపచ్చ ఇంకుతో సంతకం పెట్టి ఉంటారో! ఆయన కాగితం మీద అలాంటి సంతకం పెట్టగలవాళ్లు ఆయన స్నేహితుల్లోనే పదిమంది ఉంటారు. రెండేళ్ల కిందట మొదటి స్ట్రోక్ వచ్చి కోలుకున్నప్పుడు ఆ పేజీ తీసి మీకు చూపించారని మీరే రాశారు. ఆ రోజు ఒక్క పూట పని. 'అలాంటి మాటలెందుకు నాన్నా' అని డైరీ మూసేశారు. అందుకే ఇవాళ ఆ పేజీ లివింగ్ విల్ కాదు.

అలాగని అది పనికిరాని కాగితమూ కాదు. ఆయన మనసులో ఏముందో చెప్పే సాక్ష్యం అదే.

ఇక ఇంజెక్షన్ మాట. మీరన్న తీర్పు చికిత్స ఆపడానికే ఒప్పుకుంది, ప్రాణం తీయడానికి కాదు. నెదర్లాండ్స్‌లో 2002 నుంచి డాక్టరు ప్రాణం పోయే మందు ఇవ్వడానికి చట్టం ఉంది. ఇక్కడ లేదు. ఉండాలా వద్దా అన్నది పార్లమెంటు తేల్చాల్సిన సంగతి. స్పృహలో ఉన్న పెద్దమనిషి స్వయంగా అడిగితే ఇచ్చినా, అది హత్య కాకపోయినా, భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద శిక్ష తప్పదు. మీ నాన్నగారు ఇవాళ అడిగే స్థితిలో లేరు కాబట్టి ఆ మినహాయింపు కూడా అందదు. నేరుగా 103, అంటే హత్య.

అంతకన్నా ప్రమాదం ఆ పాత తేదీ కాగితం. తెచ్చినాయన్ని ఈ రోజే పంపించేయండి. స్టాంపు పేపరు ఏ రోజు అమ్మారో, ఎవరికి అమ్మారో దాని వెనకే ఉంటుంది. నోటరీ రిజిస్టరులో నంబర్లు వరసగా ఉంటాయి, మధ్యలో ఇరికించిన పేరు మొదటి వాయిదాలోనే బయటపడుతుంది. వీటన్నిటినీ దాటినా ఒక ప్రశ్న మిగులుతుంది: ఉద్యోగం చేసినన్నాళ్లూ సంతకం పెట్టి, నిన్నమొన్నటిదాకా పెన్షన్ కాగితాల మీద కూడా సంతకమే పెట్టిన మనిషి ఈ ఒక్క కాగితం మీద వేలిముద్ర ఎందుకు వేశారు? దానికి మీ దగ్గర జవాబు లేదు. అప్పుడు మీ మీద పడేది ఫోర్జరీ కేసొక్కటే కాదు. ఆ దొంగ కాగితం చూపించి వెంటిలేటర్ తీయించారు కాబట్టి తండ్రి చావుకు కూతురే కారణమని అన్నయ్య ఫిర్యాదు ఇవ్వగలరు. చావుతో ముడిపడిన ఇలాంటి పెద్ద నేరాలకు కాలపరిమితి లేదు. మూడేళ్ల దాకా శిక్ష పడే చిన్న నేరాలకే ఆ గడువు వర్తిస్తుంది. పదేళ్ల తర్వాత ఇల్లు పంచుకునేటప్పుడు గొడవొస్తే, అప్పుడు కూడా ఆ కాగితం పైకి వస్తుంది. హిందూ వారసత్వ చట్టం 25వ సెక్షన్ ప్రకారం, చంపినవాళ్లకు, చంపడానికి సాయపడినవాళ్లకు చనిపోయినవారి ఆస్తిలో వారసత్వం ఉండదు.

సొంత పూచీ మీద తీసుకెళ్లమనడం కూడా అలాంటి దగ్గరి దారే. ఆ ఫారం మీద సంతకం పెడితే ఆస్పత్రి చేతులు దులుపుకుంటుంది. అంబులెన్సులో గొట్టం తీసిన క్షణం నుంచి జవాబుదారీ మీదే. దాని మీద సంతకం పెట్టొద్దు.

చేయాల్సిందిది. ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు మీరు, అమ్మగారు కలిసి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. లివింగ్ విల్ లేని రోగి విషయంలో కూడా సుప్రీంకోర్టు ఆ తీర్పుల్లోనే దారి చూపించింది. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసి ప్రైమరీ మెడికల్ బోర్డుగా కూర్చోవాలి. వాళ్లు కుటుంబంతో మాట్లాడి, ఆ మాటల్ని రాతలో పెట్టి, మీ సమ్మతి రాతలోనే తీసుకోవాలి. ఆ డైరీ పేజీ చూపించాల్సింది అక్కడే. తర్వాత సెకండరీ బోర్డు చూడాలి. అందులో ఒక డాక్టరును జిల్లా ముఖ్య వైద్యాధికారి, అంటే మన దగ్గర డీఎంహెచ్‌ఓ, నియమిస్తారు. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో చెప్పాలి. రెండు బోర్డులూ సరేనన్నాక, వెంటిలేటర్ తీసేముందు ఆస్పత్రే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్‌కు తెలపాలి. తీసినా నొప్పి తెలియకుండా చూసే మందులు, సేవ ఆగవు. మా దగ్గర బోర్డు లేదని ఆస్పత్రి అంటే ఆ మాట కూడా రాసివ్వమనండి. అర్జీ నకలు డీఎంహెచ్‌ఓకు పంపండి. అప్పటికీ కదలకపోతే, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయొచ్చు.

ఆ అర్జీతోపాటే కేసు షీటు నకలు అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి నిబంధన. రికార్డులు వాళ్లు దాచి ఉంచాల్సింది మూడేళ్లే, మీ మీద కేసు పెట్టడానికి అలాంటి గడువేమీ లేదని ఇందాకే చెప్పాను. అందుకే నకలు మీ దగ్గర ఉండాలి. అందులో 'బ్రెయిన్ డెడ్' అన్న మాట ఉందో లేదో చూడండి. 'లాంటిదే' అంటే కుదరదు. బ్రెయిన్ డెత్ అంటే నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి సంతకం చేయాలి. అలా చేసి ఉంటే అవయవ మార్పిడి చట్టం ప్రకారం అది మరణమే, మీ ప్రశ్నే మారిపోతుంది. చేయలేదంటే చట్టం లెక్కలో ఆయన బతికే ఉన్నట్టు. ఏ సంగతైనా రాతలోనే తెలుసుకోండి.

చివరికి అన్నయ్య విషయం. పిల్లల్లో ఒకరు వద్దంటే ఏ ఆస్పత్రీ ముందుకు రాదు. ఆయన మీద ఒకటిన్నర పేజీ రాశారు. కానీ నాన్నగారి డైరీ ఆయనకు చూపించినట్టు ఎక్కడా లేదు. వాళ్ల నాన్న చేతిరాతలో ఆ మాట ఆయన ఇంకా చదవలేదు. ఈ రాత్రికే ఆ పేజీ, ముందు వెనక పేజీలతో సహా, ఫొటో తీసి పంపండి. తర్వాత డైరీని బీరువాలో పెట్టి తాళం వేయండి. అందులో ఒక్క అక్షరం కూడా ఎవరూ కలపకూడదు.