తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంట్లోనే ఇంగ్లీషు సాధన ఎలా చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ఊరు శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర, పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు డిగ్రీ చివరి ఏడాది. గ్రామరు పుస్తకం రెండుసార్లు పూర్తిచేశారు. అయినా మాట్లాడబోతే నోరు పెగలడం లేదు, పరీక్షలో ప్యాసేజీ ఇస్తే సగం కూడా అందడం లేదు. విశాఖ వెళ్లి కోచింగ్‌లో చేరాలా, ఇంట్లోనే అవుతుందా?

ఇంట్లోనే అవుతుంది. ఆ గ్రామరు పుస్తకాన్ని మాత్రం మూడోసారి తెరవకండి. మనవాళ్లు ఇంగ్లీషులో చేసే తప్పుల్లో చాలావాటికి కారణం తెలుగు బాగా రావడమే. తెలుగు అలవాటు ఇంగ్లీషులోకి దూరిపోతుంది. ఈ రెండు భాషలూ ఎక్కడెక్కడ దారి చీలతాయో రాసుకుంటే ఒక చిన్న నోటుబుక్కు నిండుతుంది. సాధనంతా ఆ చోట్ల మీదే పెట్టాలి. ఇక్కడ పలుకు తెలియడానికి ఉదాహరణలు తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ నోటుబుక్కులో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి, లేకపోతే తెలుగు లిపి మళ్లీ తెలుగు పలుకునే నేర్పుతుంది.

ముందు ఉచ్చారణ. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్ మన నోట్లో బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది. తెలుగులో అదే ఒప్పు. ఇంగ్లీషు వాక్యంలో మాత్రం ఆ చివరి ఉకారం వినేవాళ్లకి అడ్డం పడుతుంది. ఊరికే 'ఉ' మానేయమంటే నోరు వినదు. దానికి బదులు, అచ్చుతో మొదలయ్యే తర్వాతి మాటతో కలిపేయండి. 'స్టాప్ ఇట్'ని 'స్టాపిట్' అనండి, 'నాట్ ఎట్ ఆల్'ని 'నాటెటాల్' అనండి. రాముడు, అక్కడ అనే రెండు మాటలు 'రాముడక్కడ' అయినట్టే ఇది. ఇంగ్లీషువాళ్లు సంధి రాయరు గానీ నోటితో చేస్తూనే ఉంటారు. ఇలాంటి జంటలు రోజుకి ఐదు, ఒక్కొక్కటి పదిసార్లు అంటే చాలు.

మన జిల్లాలో ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. ఇంట్లో 'చెప్పు'ని సెప్పు అని, 'చేప'ని సేప అని అనే అలవాటున్న వాళ్లకి సీట్, షీట్, చీట్ మూడూ ఒకేలా వచ్చేస్తాయి. అద్దం ముందు కూర్చోండి. 'స'కి పెదాలు కదలవు, గాలి సన్నగా పళ్ల మీదుగా పోతుంది. 'ష'కి నాలుక కాస్త వెనక్కి జరుగుతుంది, పెదాలు ముందుకు వస్తాయి. అద్దంలో పెదాలు కదల్లేదంటే 'ష' రానట్టే. 'చ'కి నాలుక పైన తగిలి గాలి ఒక్క క్షణం ఆగి వదులుతుంది. మూడు మాటలూ వరసగా, తర్వాత తిరగేసి, తర్వాత కలగలిపి చెప్పాలి. 'ళ'ని 'ల' అంటామని మనల్ని వెక్కిరించేవాళ్లు ఉంటారు కదా, ఇంగ్లీషులో అసలు 'ళ' లేనే లేదు. ఆ ఒక్క చోట మనమే లాభపడ్డాం.

జీరోలో మొదటి శబ్దం మన 'జ' కాదు. పాము బుస కొట్టినట్టు 'స్‌స్‌స్' అని మూడు సెకన్లు లాగండి, ఆపకుండా దానికి గొంతు కలపండి. గొంతు మీద వేలు పెడితే అదురు తెలియాలి. వచ్చిన శబ్దం అదే. ధర అనే ప్రైస్‌కీ, బహుమతి అనే ప్రైజ్‌కీ తేడా చివరి శబ్దంలోనే కాదు, అచ్చు పొడవులో కూడా ఉంది. ప్రైజ్‌లో 'ఐ' కాస్త సాగుతుంది. ఇక 'వి', 'డబ్ల్యు' అక్షరాల సంగతి. 'వి'కి పై పళ్లు కింది పెదవికి తగలాలి. 'డబ్ల్యు'కి పళ్లు తగలకూడదు, 'ఉ' అన్నట్టు పెదాలు చుట్టి విప్పాలి. దిక్కు పేరైన వెస్ట్‌ని 'ఉఎస్ట్' అనుకుని త్వరగా అనండి, సరిపోతుంది. 'ఎగ్'ని 'యెగ్' అనడం కూడా తెలుగు అలవాటే. దానివల్ల చెవి అనే 'ఇయర్'కీ, సంవత్సరం అనే 'యియర్'కీ తేడా పోతుంది.

వీటికన్నా పెద్దది ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటికీ ఇంచుమించు సమానంగా బలం ఇస్తాం. ఇంగ్లీషులో ఒకటి గట్టిగా, పొడవుగా వస్తుంది, మిగతావి కుంచించుకుపోతాయి. ఫోటోగ్రాఫ్‌లో బలం మొదటి చోట, ఫొటోగ్రఫీలో రెండో చోట, ఫోటోగ్రాఫిక్‌లో మూడో చోట. కంఫర్టబుల్‌ని 'కంఫ్‌టబుల్' అంటారు. డిక్షనరీలో ఉచ్చారణ గుర్తుల మధ్య పైన చిన్న నిలువు గీత కనిపిస్తుంది, దాని తర్వాతి భాగం మీదే బలం. కొత్త మాట చూసినప్పుడల్లా ఆ భాగం దగ్గర బల్ల మీద వేలితో తట్టి పలకండి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ డిక్షనరీలు రెండిట్లోనూ మాట వినిపించే బొమ్మ ఉంటుంది, ఉచితం.

వినడానికి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ల ఆరు నిమిషాల కార్యక్రమం సరిపోతుంది, మాట్లాడినదంతా రాసిన పాఠం కూడా ఇస్తారు. ఆరు నిమిషాలూ ఒకేసారి పట్టుకోవద్దు. ముప్పై సెకన్ల ముక్క తీసుకోండి. పాఠం చూడకుండా రెండుసార్లు వినండి. తర్వాత చూస్తూ విని, బలంగా పలికిన చోట్ల పెన్సిలుతో గీత పెట్టండి. తర్వాత వాళ్ల గొంతుతో పాటే ఐదుసార్లు అనండి, చివరికి ఒక్కరే చెప్పి ఫోన్లో రికార్డు చేసి పక్కపక్కన వినండి. మొదటి వారం మీ గొంతు మీకే నచ్చదు, అందరికీ అంతే. ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి ఇంగ్లీషు పెట్టి విడిమాటలు చెప్పి చూడటం మంచి పరీక్ష: చీట్ అంటే షీట్ అని టైపు చేస్తే తేడా ఎక్కడో తెలిసిపోతుంది. వాక్యం చెబితే మాత్రం అది సందర్భాన్నిబట్టి ఊహించి సరిచేసేస్తుంది, మీ తప్పు దాగిపోతుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు మన జిల్లా పర్వతాలపేటలోనే పుట్టారు. ఆయన సవర అనే గిరిజన భాషని ఆ భాష మాట్లాడేవాళ్ల నోటినుంచి విని నేర్చుకున్నారు, దానికి వ్యాకరణమూ నిఘంటువూ ఆ తర్వాత తయారుచేశారు. మీరు వరస తిరగేసి పుస్తకంతో మొదలుపెట్టారు, అందుకే నోరు పెగలడం లేదు.

గ్రామరులో అన్నిటికన్నా ఎక్కువ ముంచేది 'నుంచి'. "రెండేళ్లనుంచి పనిచేస్తున్నాను" అన్న వాక్యాన్ని మనవాళ్లు మాటకి మాట పెట్టి "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్" అంటారు. ఇందులో రెండు తప్పులున్నాయి. మొదలై ఇంకా సాగుతున్న పనికి "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. ఇక తెలుగు 'నుంచి' ఒక్కటే అయినా ఇంగ్లీషులో అది మూడు ముక్కలవుతుంది: ఎంత కాలం అని చెబితే 'ఫర్', ఎప్పుడు మొదలైందో చెబితే 'సిన్స్', చోటు చెబితే 'ఫ్రమ్'. కాబట్టి "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఫర్ టూ ఇయర్స్", "సిన్స్ 2023", "ఐ కేమ్ ఫ్రమ్ పలాస". ఈ మూడు నమూనాల్లో మీ జీవితానికి సంబంధించిన వాక్యాలే ఇరవై రాయండి. ఖాళీలు పూరించే అభ్యాసాల కన్నా ఇది బాగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఖాళీలో ఏం పెట్టాలో చుట్టూ ఉన్న మాటలే చెప్పేస్తాయి.

'వెళ్తాను' కూడా ఇలాంటిదే. రోజూ వెళ్తాను, రేపు వెళ్తాను, తెలుగులో రెండిటికీ ఒకే రూపం. ఇంగ్లీషులో ఒకటి 'ఐ గో', రెండోది 'ఐ విల్ గో'. 'తిన్నాను'లోనూ ఇంతే, అది 'ఐ ఏట్' కావచ్చు, 'ఐ హ్యావ్ ఈటెన్' కావచ్చు. "నిన్న" అని కాలం చెప్పారంటే 'హ్యావ్' రాకూడదు, "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పు. 'ఉన్నారు' అనగానే ఇంగ్ పెట్టే అలవాటు మానండి: నాకు ఇద్దరు అన్నలున్నారంటే "ఐ యామ్ హ్యావింగ్" కాదు, "ఐ హ్యావ్ టూ బ్రదర్స్". ఎ, ఎన్ ఎంపికకి స్పెల్లింగు కాదు, శబ్దం చూడాలి. అందుకే 'ఎ యూనివర్సిటీ' గానీ 'ఎన్ ఎమ్మెల్యే'. మిగతా ఆర్టికల్స్ గురించి ఇప్పుడు బెంగ వద్దు, చదివేకొద్దీ కుదురుతాయి.

మాటల పట్టిక బట్టీ పట్టేవాళ్లని చూస్తే జాలేస్తుంది. తెలుగులో 'వేయడం' ఎన్ని పనులు చేస్తుందో చూడండి: లైటు వేయడం, తలుపు వేయడం, చొక్కా వేసుకోవడం, ముగ్గు వేయడం, ఓటు వేయడం, కేక వేయడం. ఇంగ్లీషులో వరసగా టర్న్ ఆన్, క్లోజ్, పుట్ ఆన్, డ్రా, క్యాస్ట్, షౌట్. 'వేయు'కి ఒక్క అర్థం రాసుకున్నవాళ్లు "పుట్ ద లైట్" అనే అంటారు. 'కొట్టు', 'తీయు', 'పెట్టు', 'పట్టు' తీసుకుని ఇలాగే ఒక్కో పేజీ చేయండి. విడి మాట రాయకుండా జంటగా రాయండి: మేక్ ఎ మిస్టేక్, డూ హోంవర్క్. రోజుకి ఏడు జంటలు మించొద్దు. మర్నాడు, మూడో రోజు, ఏడో రోజు, పదిహేనో రోజు తెలుగు వైపు మాత్రం చూసి ఇంగ్లీషు చెప్పాలి. తప్పిన మాట మళ్లీ మొదటి రోజుకి వెళ్తుంది. ఏ మాటలు ముందు నేర్చుకోవాలో తెలియకపోతే ఆక్స్‌ఫర్డ్ 3000 అనే పట్టిక ఉచితంగా దొరుకుతుంది, స్థాయిల వారీగా విడదీసి ఉంటుంది.

తెలుగులోకి వచ్చి అర్థం మారిన ఇంగ్లీషు మాటలు ఇంకో గొయ్యి. మనకి హోటల్ అంటే ఇడ్లీ తినే చోటు, ఇంగ్లీషులో బస చేసే చోటు. కేరేజీ అంటే మనకి అన్నం గిన్నె, ఇంగ్లీషులో బండి లేదా రైలుపెట్టె. 'ఫీలయ్యాడు' అంటే మనకి నొచ్చుకున్నాడని, ఇంగ్లీషులో 'ఫెల్ట్' తర్వాత బ్యాడ్, హర్ట్ లాంటి మాట లేకపోతే వాక్యం గాల్లో ఉంటుంది.

ఇక ప్యాసేజీ. "నిన్న ఆమదాలవలస స్టేషన్లో నేను చూసిన కుర్రాడు" అన్నదాన్ని ఇంగ్లీషు తలకిందులు చేస్తుంది: "ద బాయ్ ఐ సా ఎట్ ఆమదాలవలస స్టేషన్ యెస్టర్‌డే". దీన్ని తెలుగు వరసలో పెట్టుకోవడానికి కన్ను చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తుంది. వాక్యం పొడవైతే దారి తప్పుతుంది. తిరిగి రావడం మానాలి. పెన్సిలుతో మూడు నాలుగు మాటలకో గీత గీసి ఎడమనుంచి కుడికే వెళ్లండి: కుర్రాడు / నేను చూసిన / స్టేషన్లో / నిన్న. తెలుగులో వింతగా ఉన్నా సరే. ప్రతి వాక్యంలో ముందు క్రియ పట్టుకుని, అది చేసింది ఎవరని అడగండి.

ఎంచుకునే ప్యాసేజీలో వంద మాటలకి ఐదు కన్నా ఎక్కువ తెలియనివి ఉంటే అది మీకు ఇంకా పెద్దది, పక్కన పెట్టండి. సరైన కొలత దొరకడానికి ఒక దగ్గరి దారి ఉంది. మన రాష్ట్రంలో 2020-21లో ప్రభుత్వ బడి పుస్తకాలని ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు రెండూ పెట్టి అచ్చువేయడం మొదలుపెట్టారు. పక్కింటి పిల్లల దగ్గర అలాంటి ఆరో తరగతి సైన్సు పుస్తకం అడిగి తీసుకోండి. ఇంగ్లీషు పేజీ చదివి, ఏం అర్థమైందో రెండు వాక్యాలు రాసి, అప్పుడు తెలుగు పేజీ చూడండి. తెలుగు ముందే చూస్తే చదివినట్టు అనిపిస్తుంది గానీ చదవలేదు. ఆరు తేలికైతే ఎనిమిదికి వెళ్లండి.

పరీక్ష ప్యాసేజీకి: ముందు ప్రశ్నలు చూడండి, జవాబు ఎంపికలు చూడకండి. తర్వాత ప్యాసేజీ ఒక్కసారి ఆగకుండా. తర్వాత ప్రతి జవాబుకీ ఏ వరసలో ఆధారం ఉందో ఆ వరస నంబరు రాయాలి. నంబరు రాయలేకపోతే అది ఊహ. ప్యాసేజీలోని మాటలే అచ్చంగా ఉన్న ఎంపిక చాలాసార్లు ఎర. ఆల్వేస్, ఓన్లీ, నెవర్ ఉన్నదాన్ని రెండోసారి చూడండి. చిన్న మాటలు అర్థాన్ని తిప్పేస్తాయి: "ఎ ఫ్యూ ఫార్మర్స్ గాట్ ద మనీ" అంటే కొందరు రైతులకి డబ్బొచ్చింది, 'ఎ' తీసేసి "ఫ్యూ ఫార్మర్స్" అంటే రానివాళ్లే ఎక్కువ.

విశాఖ ఖర్చు పెట్టుకోవాలా అన్నదానికి: రోజుకి గంట, అందులో సగం నోటితో, మూడు నెలలు చేసి చూడండి. మొదటి రోజు రికార్డు చెరపకుండా ఉంచండి. మూడు నెలల తర్వాత అదే ముక్క మళ్లీ చెప్పి రెండూ వినండి, పెద్ద తేడా లేకపోతే అప్పుడు వెళ్లండి. వెళ్లినా ముందు ఒక క్లాసు ఉచితంగా కూర్చోనివ్వమని అడిగి, ఆ గంటలో ఒక్కో విద్యార్థి ఎన్ని నిమిషాలు మాట్లాడాడో గడియారం చూసి లెక్కపెట్టండి. మాస్టారే యాభై నిమిషాలు మాట్లాడితే ఫీజు కట్టకండి.