పేదవాళ్లను చూసి "నన్ను ఇలా ఉంచలేదు, స్తోత్రం" అనుకోవడం తప్పా?

రోడ్డు పక్కన ఉండే వాళ్లను చూసినప్పుడల్లా "దేవా, నన్ను ఇలా ఉంచలేదు, నీకు స్తోత్రం" అనుకుంటాను, క్యాథలిక్కుగా అది తప్పా అని అడిగారు. నేనూ చాలా ఏళ్లు అట్లే ప్రార్థన చేశాను, అందుకే రాస్తున్నా.

మాది కడప. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పేదలకు సాయం చేసే విన్సెంట్ డి పాల్ సభ ఉంది. 1833లో ప్యారిస్‌లో ఓజనామ్, ఆయన స్నేహితులు మొదలుపెట్టిన సభ ఇది, ఇందులో డబ్బులు పంపి ఊరుకోవడం ఉండదు, ఇద్దరిద్దరు కలిసి పేదవాళ్ల ఇంటికే పోయి కూర్చుని మాట్లాడాలి. ఒక తపస్సుకాలంలో (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో) నన్నూ తీసుకుపోయారు. ఒంటరిగా ఉండే ఒక అవ్వకు బియ్యం, కందిబేడలు, నూనె ప్యాకెట్ ఇచ్చేసి వెంటనే లేచొద్దామనుకున్నా. అవ్వ ఒప్పుకోలేదు. "ఇంత ఎండలో వచ్చినారు, ఉత్త నోటితో పోతారా" అని, ఉన్న ఒక్క స్టీలు గ్లాసునూ కొంగుతో తుడిచి మజ్జిగ పోసి నాకిచ్చింది. ఉప్పు మర్చిపోయానని మోకాళ్లు పట్టుకుని మళ్లీ లేచి, రెండు ఉప్పురాళ్లు తెచ్చి వేసింది. నేను తాగాక అదే గ్లాసు కడిగి నాతో వచ్చిన అన్నకు పోసింది. పోయేముందు నా పిల్లల పేర్లు అడిగి, వాళ్ల కోసం ప్రార్థన చేస్తానంది.

ఆ రాత్రి ఎప్పుడూ చెప్పే ఆ మాట నోటికి రాలేదు. అవ్వ ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది.

లూకా సువార్త 18వ అధ్యాయం ఒకసారి చదవండి. ఇతరుల్లాంటివాడిని, పన్నులు వసూలు చేసే ఈ సుంకరిలాంటివాడిని కానందుకు దేవునికి కృతజ్ఞత చెప్పింది ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే పరిసయ్యుడే. గుడిలో ఎన్నిసార్లు విన్నానో, నా ప్రార్థనా అదేనని తట్టలేదు! తినే అన్నానికి, చేసే పనికి స్తోత్రం చెప్పడం మంచిదే, చెప్పాలి కూడా, కానీ దాన్ని పక్కవాడి లేమితో కొలవకూడదు. మత్తయి 25లో ప్రభువు ఆ ఆకలితో ఉన్నది తానే అంటున్నాడు కదా.

ఇంకోటి. కర్నూలు జిల్లా పోలూరులో పుట్టిన పూల ఆంథోనీ గారు పేదరికం వల్ల ఏడో తరగతితో బడి మానాల్సి వస్తే మిషనరీలు చదివించారు. 2022లో ఆయన కార్డినల్ (క్యాథలిక్ చర్చిలో పోప్ తర్వాతి స్థాయి) అయ్యారు, దళితుల నుంచి మొట్టమొదటి కార్డినల్. ఆ పిల్లవాణ్ని చూసి వాళ్లు కూడా "మా పిల్లలకు ఈ గతి లేదు, స్తోత్రం" అని పక్కకు పోయుంటే?

2017 నుంచి ఏటా నవంబరులో ఒక ఆదివారాన్ని పేదల దినంగా జరుపుతున్నారు. అప్పటిదాకా ఆగనక్కర్లేదు, మీ విచారణలో ఎవరైనా ఇళ్లకు పోతుంటే వెంట వెళ్లండి. తాగడానికి ఏమన్నా ఇస్తే మాత్రం వద్దనకండి.