గాలికి తిరగబడిన భారీ గుమ్మడి తీగ మళ్ళీ కోలుకుంటుందా?

చాలావరకు కోలుకుంటుంది, తొందరపడి లాగకపోతే. పొద్దున్నే తీగ నీరు పట్టి బిరుసుగా ఉంటుంది, వంచితే పుటుక్కుమంటుంది. మధ్యాహ్నం ఎండకు కాస్త వాడి మెత్తబడ్డాక, రెండు చేతులతో కొద్దికొద్దిగా తిప్పి యథాస్థానంలో పెట్టండి.

అసలు బలం కణుపుల్లో ఉంది. ఆకు మొదట్లోని కణుపును తడిమట్టితో కప్పితే అక్కడే కొత్త వేర్లు దిగుతాయి. తీగ మొదలు దగ్గరి పాత వేర్లు కొన్ని తెగినా ఈ కొత్తవి తీగనూ కాయనూ పోషిస్తాయి, పైగా మళ్ళీ గాలికి లేవకుండా పట్టి ఉంచుతాయి. చీలిన చోట మాత్రం మట్టి వేయొద్దు, ఆరనివ్వండి. తడి నిలిస్తే కుళ్ళు పడుతుంది.

చిరిగినా పచ్చగా ఉన్న ఆకును దయచేసి కోయకండి, అది ఇంకా ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది. విరిగి వేలాడే ఆకుల్ని తీసేయొచ్చు. ప్రధాన తీగ పూర్తిగా తెగిపోతే, దగ్గర్లోని బలమైన పక్క తీగను దాని స్థానంలో సాగనివ్వండి.