ఎండోస్కోపీ శస్త్రచికిత్సేనా?

సందేహం: మా పెదనాయనకు కేన్సర్ గడ్డ కడుపు కింది మూతికి అడ్డుపడింది. తిన్నది దిగక వాంతులవుతున్నాయి. కర్నూలులో డాక్టర్లు ఆపరేషన్ చేసి పేగు కలపొచ్చు, లేదా ఎండోస్కోపీతో స్టెంట్ వేయొచ్చు అన్నారు. ఒక పత్రికలో రెండింటినీ శస్త్రచికిత్స అనే రాశారు. కోత లేనిది శస్త్రచికిత్స ఎట్లవుతుంది? స్టెంట్ 'వేయడమా', 'పెట్టడమా'?
– ఒక పాఠకుడు, కడప

సమాధానం: మీ పెదనాయన తొందరగా నాలుగు ముద్దలు తినాలని కోరుకుంటున్నాను.

మీరు 'శస్త్ర' అని సరిగా రాశారు, సంతోషం. బోర్డుల మీద 'శాస్త్రచికిత్స' చూసి చూసి నాకు బీపీ పెరుగుతోంది. ఆ ఒక్క దీర్ఘంతో కత్తి కాస్తా పుస్తకమైపోతుంది! 'శస్' ధాతువుకు హింసించడం, నరకడం అని అర్థం. విసిరేది అస్త్రం, చేతబట్టి కోసేది శస్త్రం.

ప్రాచీన భారతీయ శస్త్రవైద్యుడు సుశ్రుతుడు ఇంకో గీత గీశాడు. పనిముట్లలో పదును లేనివి యంత్రాలు, అవి 101. పదునైనవి శస్త్రాలు, అవి 20. యంత్రాల్లో 20 నాడీయంత్రాలున్నాయి. ఇక్కడ నాడి అంటే వైద్యుడు మణికట్టు దగ్గర పట్టి చూసేది కాదు, గొట్టం. వాటితో చేసే పనుల్లో 'రోగదర్శనం' ఒకటి. ఎండోస్కోపీ అనే గ్రీకు మాటకూ లోపల చూడటమనే అర్థం. ఆయన గొట్టాలు కడుపు దాకా పోలేదు, నిజమే. అయినా ఆ లెక్కన నోట్లోంచి గొట్టం పంపి, మూసుకున్న దారిలో లోహపు జాలీ స్టెంట్ విప్పడం యంత్రకర్మే. పత్రికలవారు దాన్ని శస్త్రచికిత్స అనడం తొందరపాటు.

పేగు కలపడం మాత్రం నిస్సందేహంగా శస్త్రకర్మ. 1881లో వియన్నాలో వోల్ఫ్లర్ అనే సర్జన్ తీయలేని గడ్డను అట్లాగే వదిలి, కడుపును చిన్నపేగుతో కలిపి కుట్టాడు. సుశ్రుతుడి ఎనిమిది కర్మల్లో చీల్చడం భేద్యం, కుట్టడం సీవ్యం. ఈ ఆపరేషన్‌లో రెండూ ఉన్నాయి. కోలుకుని తినడానికి రోజులు పట్టినా, దారి ఎక్కువ కాలం తెరుచుకుని ఉంటుంది. స్టెంట్‌తో తిండి త్వరగా మొదలవుతుంది, ఇంటికీ త్వరగా పంపుతారు. కానీ గడ్డ జాలీ సందుల్లోంచి పెరిగి మళ్ళీ మూసేయవచ్చు. అందుకే బాగా నీరసించినవారికి స్టెంట్, ఓపికా ఆయుష్షూ ఉన్నాయనుకుంటే ఆపరేషన్ వైపు డాక్టర్లు మొగ్గుతారు. మీ పెదనాయనకు ఏది తగునో తేల్చాల్సింది వాళ్ళే, నిఘంటువులు కాదు.

అయితే నా తీర్పుకు ఒక చిక్కుంది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ ఉన్న ఎండోస్కోప్‌తో కడుపు గోడను లోపలినుంచే పొడిచి, పక్కనున్న పేగులోకి స్టెంట్ దించి రెంటినీ కలుపుతున్నారు. పొడవడం వేధ్యం, అదీ శస్త్రకర్మే! బయట కోత లేదు, లోపల శస్త్రం ఉంది. దీన్ని శస్త్రచికిత్స అంటే నేను గట్టిగా కాదనలేను, అవుననడానికీ మనసొప్పదు.

'కోత' అనే తెలుగు మాటే చాలదా అంటారేమో. 'కడుపుకోత' అంటే బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం. రోగి చెవిన వేయదగిన మాట కాదు.

స్టెంట్‌కు తెలుగు వెతకొద్దు. ఇంగ్లండు దంతవైద్యుడు చార్ల్స్ స్టెంట్ ఇంటిపేరు అది, ఇంటిపేర్లను అనువదించం. 'పెట్టారు', 'వేశారు' రెండూ సరే. మన సీమలో 'స్టెంటు ఏసినారు' అంటారు, నాకేమీ అభ్యంతరం లేదు. 'స్టెంట్ అమర్చబడినది' అని మాత్రం రాయకండి.