జువాలజీ పిల్లకు బ్లాక్ హోల్స్ పేపర్ వస్తే

బిడ్డా, నీ మెసేజ్ చూసిన. క్లాసుల చెప్పనీకి తీసిన చీటీల లైగో పేపర్ వచ్చిందని అంత పరేషాన్ ఎందుకు? లైగో అంటే స్పేస్‌ల లేచే అలలను (గ్రావిటేషనల్ వేవ్స్) పట్టే అమెరికా డిటెక్టర్లు, రెండు బ్లాక్ హోల్స్ కలిసినప్పుడు లేచిన అలను మొదటిసారి పట్టినమని చెప్పింది గీ పేపర్లనే. 2016 ఫిబ్రవరిల ఫిజికల్ రివ్యూ లెటర్స్‌ల అచ్చయిన పేపర్ అది, రాసినోళ్లే వెయ్యి మందికి పైన, అంటే వాళ్లల్ల గూడ ఒక్కనికే మొత్తం తెలిసి ఉండదు, మరి నీకు తెలవాలని ఎవరన్నరు.

ముందుగాల ఈక్వేషన్లు పక్కన పెట్టు. మొదటి బొమ్మ ఒక్కటి ప్రింట్ తీసి హాస్టల్ గోడకు అంటించు. ఎడమ పక్క హాన్‌ఫర్డ్‌ల ఉన్న డిటెక్టర్ గీత, కుడి పక్క లివింగ్‌స్టన్‌ల ఉన్న డిటెక్టర్ గీత, ఆ కుడి పక్క దాని మీదనే హాన్‌ఫర్డ్ గీతను గూడ ఎక్కించిండ్రు, కానీ 6.9 మిల్లీసెకండ్లు జరిపి, తలకిందులు చేసి. క్లాసుల ఎవడో ఒకడు పక్కా అడుగుతడు, ఎందుకు తిప్పిండ్రు, కలవాలని కలిపిండ్రా అని. రెండు డిటెక్టర్లు నేల మీద వేరే వేరే దిక్కులకు ఉన్నయ్, అందుకే ఒకదాంట్ల పైకి లేచింది ఇంకోదాంట్ల కిందికి దిగుతది. 6.9 గూడ ఊకెనే రాలే, నడుమ 3000 కిలోమీటర్ల దూరం, వెలుతురుకే 10 మిల్లీసెకండ్లు పడ్తది, అల వచ్చిన తేడా దానికి లోపలనే ఉండాలె, ఉన్నది.

ఇగ అసలు ముచ్చట. కంట్రోల్ లేని ప్రయోగం నువ్వైతే ఒప్పుకోవు గదా, మరి ఆకాశం నుంచి వచ్చే అలను ఆపి కంట్రోల్ పెట్టుడు ఎట్ల? వాళ్లేం చేసిండ్రంటే ఒక డిటెక్టర్ డేటాను టైం జరిపి జరిపి ఇంకోదానితోని కలిపి చూసిండ్రు, 10 మిల్లీసెకండ్ల కంటె మస్తు ఎక్కువ జరిపినంక రెండిట్ల ఒకటే తీరు కనవడ్డదంటే అది అల కానే కాదు, ఉట్టి నాయిస్, అంటే డిటెక్టర్ల లొల్లి. 16 రోజుల డేటాతోని అట్ల చేస్తే, ఇంత గట్టి సిగ్నల్ నాయిస్‌తోని 2,03,000 ఏండ్లకు ఒక్కసారి గూడ రాదని తేలింది. మీరు లేబుళ్లు కలగలిపి చేసే పర్ముటేషన్ టెస్టు ఇసొంటిదే. ఫిజిక్స్ పోరగాళ్లు దీన్ని దాటేసి పోతరు, నువ్వు ఈడనే ఆగి నిమ్మళంగ చెప్పు.

36, 29 సూర్యుల బరువున్న బ్లాక్ హోల్స్ రెండు కలిస్తే 62 మిగిలింది, తగ్గిన మూడు అలలైపోయింది, దీనికి ఒక్క స్లైడ్ చాలు. ఆ బరువులు ఎట్ల కట్టిండ్రంటే, జనరల్ రిలేటివిటీ ప్రకారం కంప్యూటర్ల తయారు చేసిన అలలతోని పోల్చిండ్రు, లోపలి లెక్క నాకు రాదు సార్ అని సాఫ్‌గ చెప్పు. గట్ల చెప్పినోళ్లను మేం ఇడిసిపెడ్తుంటిమి, తిప్పి తిప్పి చెప్పేటోళ్లనే పట్టుకుంటుంటిమి.

ఇంకోటి, మన నాందేడ్ పక్కనే హింగోలి జిల్లాల ఔంఢా దగ్గర లైగో ఇండియా వస్తున్నది, 2023ల కేంద్రం 2,600 కోట్లకు ఒప్పుకున్నది. దాని పేరు ముందే తీసినవంటే క్లాసంత మరాఠీల దాని మీదనే పడ్తరు, నీ బొమ్మ గోడకే ఉంటది. ఆఖరి దాక తీయకు.

మీ పెదనాయిన, ధర్మాబాద్